ఏసేపు చెప్పిన మూడో బండి

కర్నూలులో పాత కారు కొనాలనుకున్నవాళ్ళు మెకానిక్ కంటే ముందు కార్ల రేకుపని చేసే టింకరు ఏసేపు దగ్గరికి పోయేవాళ్ళు. ఇంజను చెడితే ఇంకో ఇంజను దొరుకుతుంది, ఒళ్ళు కుళ్ళితే బండే లేదు అనేది ఆయన మాట. బండి చుట్టూ ఒకసారి తిరిగి, చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టి, బాగుచేసుకోవచ్చో పాత ఇనుముకు వేసేయాలో పావుగంటలో చెప్పేవాడు. రంగు చూసి మోసపోయేవాడు కాదు. చిల్లుల మీద లప్పం పూసి, పైన మెరుగు పెట్టి తెచ్చిన బళ్ళను తలుపు తెరవకుండానే వెనక్కి పంపిన రోజులున్నాయి.

ఆ విద్య ఆయనకు ఊరికే రాలేదు. బనగానపల్లె దగ్గర మామిడితోటలకు కాపలా కాసే ఇంట్లో పుట్టి, పద్నాలుగేళ్ళకు కర్నూలు వచ్చి ఖాదర్ సాహెబు షెడ్డులో చేరాడు. ఖాదర్ ఉస్తాదు రోజూ సాయంత్రం అసర్ నమాజు చేసి వచ్చాక, గోడకు ఆనించిన పాత కారు తలుపుల ముందు పిల్లవాణ్ణి నిలబెట్టి, తువ్వాలుతో కళ్ళకు గంతలు కట్టేవాడు. తాను సుత్తితో ఒక్కో చోట తట్టి, ఏం పలికిందో చెప్పమనేవాడు. మంచి రేకు ఖంగుమని పలికి, ఆ మోత కాసేపు సన్నగా సాగుతుంది. తుప్పు తిన్నది పొడిగా ఆగిపోతుంది. లోపల లప్పం ఉంటే తడిగోడ మీద కొట్టినట్టు ఉంటుంది. తప్పు చెప్తే మొట్టికాయ, ఒప్పు చెప్తే అర కప్పు టీ. నాలుగేళ్ళ తర్వాత ఉస్తాదు మొట్టికాయలు మానేశాడు. ముప్పై ఏళ్ళకు ఏసేపు నంద్యాల చెక్‌పోస్టు దగ్గర సొంత షెడ్డు వేసుకున్నాడు. ఓబులేసు అనే వెల్డరు వచ్చి చేరి ఇరవై రెండేళ్ళయింది. ఏసేపు వంపులు తీస్తే ఓబులేసు అతుకులు వేసేవాడు. ఇద్దరి మధ్య మాటల అవసరం పెద్దగా ఉండేది కాదు.

ఏసేపుకు అరవై నిండిన ఏడాది, సుత్తి మోగడం తగ్గినట్టు అనిపించింది. సుత్తి అరిగిందేమోనని కొత్తది కొన్నాడు. అదీ అంతే. ఒక ఆదివారం గుడి నుంచి వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు. భార్య రత్నమణి కుక్కరు పొయ్యి మీద పెట్టి, మూడు కూతలకు దించమని చెప్పి పక్కింటికి పోయింది. ఏసేపు కూతల కోసం చూస్తూనే ఉన్నాడు. పప్పు మాడిన వాసన వచ్చాక గాని లేవలేదు. రత్నమణి పరుగున వచ్చి పొయ్యి ఆర్పి, ఆయన మొహం కేసి చూసింది. వీధి మొదటి నుంచే తనకు కూతలు వినబడ్డాయని ఆమె తర్వాత చెప్పింది.

కూతురు క్రిస్టినా కర్నూలులోనే నర్సు. తండ్రిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నలభై ఆరేళ్ళు రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య బతికిన మనిషికి ఇది వచ్చేదేనన్నాడు డాక్టరు. సన్నని శబ్దాలు పోయాయి, ఇక తిరిగి రావు, మెషిను పెట్టుకుంటే మాటలు కొంచెం తెలుస్తాయి, ఉన్నదన్నా నిలవాలంటే ఆ పని మానాలి అన్నాడు. ఏసేపు తలూపి, ఆ చీటీని మడిచి బైబిలు అట్టలో పెట్టాడు. మర్నాడు పొద్దున మళ్ళీ షెడ్డుకు పోయాడు. మానితే చేసేదేముంది? ఆయనకు చదువు లేదు, పొలం లేదు. ఉన్నదల్లా పేరు. ఆ పేరంతా చెవుల్లోనే ఉంది.

ఈ సంగతి బయట ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు. తట్టేటప్పుడు ఎడమ అరచెయ్యి రేకు మీద ఆనించి పెట్టడం అలవాటు చేసుకున్నాడు. మంచి రేకు దెబ్బకు వణుకుతుంది, ఆ వణుకు అరచేతిలో కాసేపు చీమలు పాకినట్టు తెలుస్తుంది. కుళ్ళినదాంట్లో అది రాదు. మనుషుల మాటలు పెదవుల మీద చదివేవాడు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే పనిలో ఉన్నట్టు తల వంచుకునేవాడు. అట్లా రెండేళ్ళు గడిచాయి. ఒక్క తీర్పూ తప్పు పోలేదు. కానీ ఒకప్పుడు పెళ్ళికి పోయినట్టు పోయే పనికి ఇప్పుడు కోర్టు వాయిదాకు పోయినట్టు పోయేవాడు.

ఆ మే నెలలో శివశంకర్ కబురు పంపాడు. కోడుమూరు వైపు పొలాలున్న కుటుంబం వాళ్ళది. ఆయన కర్నూలులో కొత్తగా హోటలు కట్టాడు. రైలు దిగి వచ్చేవాళ్ళను మంత్రాలయం తీసుకుపోయి తీసుకురావడానికి పాతకాలపు బండి ఒకటి ఉంటే పేరొస్తుందని ఆయన ఆలోచన. ప్రొద్దుటూరు దగ్గర మూతబడిన పత్తిమిల్లులో మూడు పొడుగు అంబాసిడర్లు పడి ఉన్నాయని తెలిసింది. ముందు నుంచి చూస్తే అది మామూలు అంబాసిడరే. డిక్కీ ఉండాల్సిన చోట పైకప్పు చివరిదాకా సాగి, చుట్టూ అద్దాలతో గది మాదిరి ఉంటుంది. కంపెనీవాళ్ళు ఎస్టేట్ అన్నారు, జనం పొడుగు బండి అన్నారు. ఇప్పుడు ఎక్కడో గాని కనబడదు. మూడింటిలో ఏది బతుకుతుందో చెప్పమని శివశంకర్ అడిగాడు. రంగు, సీట్ల పని ఇంకో పెద్ద షెడ్డుకు ముందే మాట్లాడుకున్నాడు. ఏసేపు చెప్పాల్సింది తీర్పు ఒక్కటే.

తెల్లవారుజామున శివశంకర్ కారులో ఆయన, ఏసేపు, ఓబులేసు ముగ్గురూ బయలుదేరారు. నంద్యాలలో ఉగ్గాని తిని, ఆళ్ళగడ్డ, మైదుకూరు దాటి ప్రొద్దుటూరు చేరి, మిల్లు తాళాలున్న మనిషి కోసం ఎదురుచూసి గేటు తీయించేసరికి పన్నెండు కావచ్చింది. కాపలా మనిషి శేషన్న ముందు నడిచాడు. రెండు బళ్ళు ఆరుబయట కంపచెట్ల మధ్య ఉన్నాయి. మూడోది గోడౌను వసారాలో నీడన ఉంది.

మొదటి బండి చూడటానికి అధ్వాన్నంగా ఉంది. రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. అద్దాలు లేవు, సీట్లలో ఎలుకలు గూళ్ళు పెట్టాయి. ఏసేపు వెనక భాగం దగ్గర వంగి ఎడమ చెయ్యి ఆనించాడు. చురుక్కుమంది. కడప ఎండలో పొద్దుటి నుంచి కాగిన రేకు అది. చెయ్యి తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. శేషన్నను నీళ్ళడిగి తువ్వాలు తడిపి పరిచాడు. తువ్వాలు మీద నుంచి వణుకు తెలియలేదు. సుత్తితో తట్టాడు. ఆయనకు వినబడింది దూరాన ఎవరో తలుపు వేసినంత చప్పుడు. చుట్టూ ముగ్గురు మనుషులు తన మొహాన్నే చూస్తున్నారు. ఏసేపు తల పక్కకు వంచి వింటున్నట్టు నిలబడ్డాడు. ఒప్పుకుంటే అక్కడికక్కడ ఒప్పుకోవాలి, లేదా ఏదో ఒకటి చెప్పాలి. పోయింది సార్ అన్నాడు. రెండోదాని నేల చేత్తో ముట్టుకుంటేనే రాలిపోతోంది. దానికి ఏ చెవీ అక్కర్లేదు.

మూడోది నీడలో చల్లగా ఉంది. మీగడ రంగు మాసినా నిలిచి ఉంది. తలుపులు చక్కగా మూసుకుంటున్నాయి. లోపల పత్తి నమూనాల సంచులు వేలాడదీసిన కొక్కేలు కూడా అట్లాగే ఉన్నాయి. ఏసేపు స్తంభాలు చూశాడు, నేల చూశాడు. చేతికి చీమలు పాకాయి. ప్రాణం లేచి వచ్చింది. ఆఖరున పడుకుని, వెనక కమాను పట్టీలు బిగించే పెట్టె దగ్గర చెయ్యి పెట్టాడు. బండిలో బరువంతా మోసేది అదే. తట్టాడు. గట్టిగా ఉంది. బండ మాదిరి ఉంది. కానీ వణకలేదు. రేకు మందమేమో అనుకున్నాడు. తారు పూత దట్టంగా ఉంది, అందుకేనేమో అనుకున్నాడు. ఇంకోసారి తడదామనుకుని, పైన శివశంకర్ బూట్లు అటూ ఇటూ కదులుతుండటం చూసి ఆగిపోయాడు. బయటికి వచ్చి దుమ్ము దులుపుకున్నాడు.

"ఈ బండి నడుస్తాది సార్. తీసుకోండి" అన్నాడు.

శివశంకర్ ఆయన భుజం తట్టాడు. ఓబులేసు మాత్రం బండి తోక వైపే చూస్తూ నిలబడ్డాడు.

తిరుగు దారిలో చాగలమర్రి దగ్గర టీకి ఆగారు. శివశంకర్ ఫోను మాట్లాడుకుంటూ దూరంగా పోయాక ఓబులేసు గ్లాసు పట్టుకుని ఏసేపు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ ఎదురుగా నిలబడే మాట్లాడతాడు అతను. అది మర్యాద అనుకునేవాడు ఏసేపు.

"అన్నా, మూడోది తోక కాడ మొద్దుగా పలికింది. మొదటిది ఖంగుమనింది. నువ్వు తిరగేసి చెప్పినావు."

"నువ్వు వెల్డింగు చేసేవానివి" అన్నాడు ఏసేపు. "చెప్పేది నేను."

"నీకు ఇనపడ్లేదన్నా. నాకు తెల్సు. రెండేండ్లాయ."

ఏసేపు టీ పారబోసి కారెక్కాడు. కర్నూలు దాకా కిటికీలో నుంచి కోత అయిపోయిన శనగ చేలు చూస్తూ కూర్చున్నాడు. రెండేళ్ళుగా గిరాకీలు వచ్చినప్పుడల్లా ఓబులేసు గట్టిగా, ఎదురుగా నిలబడి మాటలు తిరిగి చెప్పడం ఎందుకో అప్పుడు అర్థమైంది. దాచిపెట్టానని తాను అనుకున్నదాన్ని ఇంకొకడు మోస్తూ వచ్చాడు. అందుకు కృతజ్ఞత రావాల్సింది పోయి కోపమే వచ్చింది.

తర్వాత ఓబులేసు ఆ మాట ఎత్తలేదు. ఎప్పటి మాదిరే అన్నా అని పిలిచి, ఎదురుగా నిలబడి మాట్లాడి, సాయంత్రం గ్యాసు కట్టేసి పోయేవాడు. తిట్టినా బాగుండేది. ఏసేపుకు అన్నం సహించలేదు. ఒప్పుకుంటే నలభై ఎనిమిదేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. ఒప్పుకోకపోతే ఆ బండి రోడ్డెక్కుతుంది. మొద్దుగా పలికిందంటే ఆ పెట్టె రేకు తినేసి ఉంటుంది, ఎవరో ఎప్పుడో సిమెంటు పోసి ఉంటారు. గుంతల రోడ్డు మీద నిండుగా మనుషులతో పోతూ ఉంటే ఒకనాడు పట్టీ ఊడిపోతుంది. ఓబులేసే తప్పు విన్నాడేమోనని ఒక పూట అనుకునేవాడు. అది అబద్ధమని తన చేతికే తెలుసు. గుడిలో పాట ఎత్తుకుంటే తాను ఒక చరణం వెనకబడ్డట్టు పక్కవాళ్ళ పెదవులు చూసి తెలుసుకుని, నోరు మాత్రం కదిపాడు.

పది రోజులకు శివశంకర్ షెడ్డుకు ఫోను చేశాడు. ఓబులేసు తీసి, మాట్లాడి, వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బండికి రంగు పని మొదలైందట. వచ్చే గురువారం హోటలు తెరుస్తున్నారట. మొదటి ప్రయాణంగా శివశంకర్ తల్లి లక్ష్మీదేవమ్మ, ఆమె వయసువాళ్ళు ఇంకో ఆరుగురు, ఆ బండిలోనే మంత్రాలయం స్వామి దర్శనానికి పోతున్నారట. ఏసేపును కూడా రమ్మన్నాడట.

ఆ మధ్యాహ్నం ఏసేపు ఇంటికి పోయి రత్నమణికి అంతా చెప్పాడు. ఆమె బియ్యం చెరుగుతూ విన్నది. చెరగడం ఆపి, ఆయనకు పెదవులు కనబడేట్టు తిరిగి కూర్చుంది.

"పేరు పోతే పోతాది. ఆ ముసిలోళ్ళకు ఏమన్నా అయితే నువ్వు ఈ గడప మీద కూసోని అన్నం తినగలవా?"

సోమవారం పొద్దున ఏసేపు ఉతికిన చొక్కా వేసుకుని హోటలుకు పోయాడు. శివశంకర్ బల్లల వరసలు సర్దిస్తున్నాడు. ఏసేపు నిలబడే అంతా చెప్పాడు. తనకు రెండేళ్ళ నుంచి చెవులు సరిగా లేవని, చేత్తో పట్టి చెప్తున్నానని, ఆ రోజు ఎండకు చెయ్యి పనిచేయలేదని, మూడో బండి తోక కుళ్ళి ఉంటుందని, మొదటిదే మంచిదని. శివశంకర్ పనివాళ్ళను ఆగమని చెయ్యి ఊపి, ఆయన వైపు తిరిగాడు. తర్వాత నిదానంగా, ఏసేపుకు తెలిసేట్టుగానే అన్నాడు.

"ఏమప్పా ఏసేపూ, చెవులున్నప్పుడు నడుస్తాదన్నావు. ఇప్పుడు చెవులు లేవంటాండావు, మళ్ళీ కుళ్ళిపోయిందంటాండావు. చెవుల్లేనోని మాట నేనెట్ల నమ్మాల?"

తాను ఒప్పుకున్న నిజమే తాను చెప్పే నిజానికి అడ్డం వచ్చింది. ఓబులేసు విన్నాడని చెప్పాడు. ఓబులేసు నీ మనిషే కదా అన్నాడు శివశంకర్. పైగా మొదటి బండి కూడా కొనిపించమని ఎవరైనా డబ్బు ఆశ చూపి పంపారా అని కూడా అడిగాడు. డబ్బు ఇచ్చి, లారీలో తెప్పించి, సగం పని అయ్యాక వచ్చి చెప్తే ఎవరైనా అట్లాగే అనుకుంటారు. ఆ మాటకు ఏసేపు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. గేటు దాటాక, నంద్యాల వైపు ఆటో ఎక్కాల్సినవాడు ఎదురు దిక్కు ఆటో ఎక్కి, సగం దూరం పోయి దిగాడు.

మర్నాడు ఓబులేసును వెంటబెట్టుకుని, రంగు పని జరుగుతున్న షెడ్డుకు పోయాడు. అది గాబ్రియేలుది. ఇద్దరూ ఒకే గుడికి పోతారు, ఒకే కాలంలో పని నేర్చుకున్నారు. ఒకరి పని ఇంకొకరికి నచ్చదు. బండికి అప్పటికే బూడిద రంగు మొదటి పూత పడింది. ఎండలో నిగనిగలాడుతోంది. గాబ్రియేలు సంగతంతా శివశంకర్ దగ్గర విని ఉన్నాడు. ఓనరు చెప్పకుండా బండి మీద సుత్తి పడనివ్వనన్నాడు. పూత పచ్చిగా ఉంది, ఒక్క గీత పడినా తన పని చెడిందంటారన్నాడు. అందులో తప్పు లేదు. ఏసేపైనా అదే మాట అనేవాడు.

ఏసేపు బండికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఆలోచించాడు. విన్న ఓబులేసును ఎవరూ నమ్మరు. తాను వినలేడు. చెవులతో పని లేకుండా, చూసినవాళ్ళందరికీ తెలిసేది ఏదో ఒకటి కావాలి. ఈ బండి చక్రం ఎక్కడో దారిలో పంచరైతే డ్రైవరు ఏం చేస్తాడు?

"సుత్తె వద్దు గాబ్రియేలూ" అన్నాడు. "జాకీ పెట్టు. పట్టీ ముందు కొస కాడ, ఆ పెట్టె కింద. నువ్వే పెట్టు, నువ్వే లేపు. నేను ముట్టను."

జాకీ పెట్టనని ఏ షెడ్డువాడూ అనలేడు. ఎట్లాగూ చక్రాలు విప్పాల్సిన బండే. గాబ్రియేలు విసుక్కుంటూ జాకీ తెచ్చి, పడుకుని, ఏసేపు చూపిన చోట ఆనించి తిప్పసాగాడు. బండి తోక లేచింది. రెండు వేళ్ళ మందం లేచింది. చక్రం నేలను వదలబోతుండగా లేవడం ఆగిపోయింది. గాబ్రియేలు ఇంకా తిప్పుతూనే ఉన్నాడు, జాకీ తల పైకి పోతూనే ఉంది, బండి మాత్రం పోవడం లేదు. ఏసేపుకు ఏ చప్పుడూ వినబడలేదు. ఓబులేసు ఒక్కసారిగా ముందుకు దూకి గాబ్రియేలు కాళ్ళు పట్టి బయటికి లాగడం చూశాడు. బండి తోక ఒరిగి చక్రం మీద కూర్చుంది. జాకీ తల పెట్టె లోపలికి జానెడు దిగిపోయింది. చుట్టూ రేకు తడిసిన అట్ట మాదిరి చీలింది. లోపలి నుంచి సిమెంటు పెళ్ళలు నేల మీద రాలాయి. మధ్యలో గోనెసంచి పీలికలు కూడా ఉన్నాయి.

గాబ్రియేలు లేచి, చేతులకు అంటిన పొడి తుడుచుకుని, ఏసేపు కేసి చూడకుండా ఫోను తీశాడు.

శివశంకర్ అరగంటలో వచ్చాడు. వంగి చూశాడు. ఒక పెళ్ళ తీసుకుని వేళ్ళతో నలిపాడు. మిల్లువాళ్ళకు ఫోను చేసి చాలాసేపు గట్టిగా మాట్లాడాడు. ఏసేపు పక్కన నిలబడే ఉన్నాడు. క్షమించమని శివశంకర్ అంటాడని చూడాలో, ఆ మాట తానే అనాలో తెలియలేదు. పోయేముందు శివశంకర్ ఆయన ముందు ఆగి, నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది కదప్పా అన్నాడు. అంతే. అదీ నిజమే. గురువారం లక్ష్మీదేవమ్మ, తక్కిన పెద్దవాళ్ళు అద్దె వ్యానులో మంత్రాలయం పోయి క్షేమంగా వచ్చారు. మీగడ రంగు వేసిన పొడుగు బండిని హోటలు ముందు ఇటుకల మీద నిలబెట్టారు. వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు.

ఊళ్ళో ఏసేపు గురించి రెండు మాటలు బయలుదేరాయి. నిజం ఒప్పుకున్న మనిషి అనేది ఒకటి. చెవిటివాడు అనేది ఇంకొకటి. రెండోదే తొందరగా పాకింది. బండి చూసిపెట్టమని అడిగేవాళ్ళు నెలలోనే నిలిచిపోయారు. వంపులు తీయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఆయన ముందు చేతులు ఊపుతూ, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పేవాళ్ళు. క్రిస్టినా పట్టుబట్టి చెవిలో పెట్టే మెషిను కొనిచ్చింది. ఇంట్లో దాంతో భార్య మాట తెలిసింది, గుడిలో పాట సగం తెలిసింది. షెడ్డులో అది పెట్టుకుని గ్రైండరు దగ్గరికి పోతే తలలో కంకర పోసి తిప్పినట్టయ్యేది. తీసి జేబులో వేసుకుంటే మళ్ళీ ఆ పాత చెవిటితనమే. పొద్దంతా పెట్టుకోవడం, తీయడం, ఇదే పని. షెడ్డు మానేయమని కూతురు అడిగింది. మానేసి ఇంట్లో కూర్చున్న నాలుగు రోజులూ గోడలు చూసి, ఐదో రోజు మళ్ళీ పోయాడు.

వానలు మొదలయ్యాక శివశంకర్ మళ్ళీ కబురు పెట్టాడు. ఈసారి ఓబులేసుకు. మొదటి బండి నిజంగా మంచిదైతే చూసి చెప్పమన్నాడు. అన్న వస్తేనే వస్తానని ఓబులేసు చెప్పాడు. అట్లా చెప్పాడని ఏసేపుకు తెలిసి సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక, చెప్పులు వేసుకుని బయలుదేరాడు. చల్లని పొద్దున, వాన వెలిసిన మిల్లు ఆవరణలో ఓబులేసు తట్టాడు, ఏసేపు చెయ్యి ఆనించాడు. ఒక్కో చోట ఇద్దరూ మొహాలు చూసుకుని తలూపారు. పట్టీల పెట్టె మీద పెట్టిన చేతిలో చీమలు పాకి మోచెయ్యి దాకా వచ్చాయి. మే నెలలో తాను పోయిందని చెప్పిన బండి ఇది. ఇరవై ఏళ్ళు ఎండలో ఎండి, వాన తక్కువ నేల కాబట్టి నిలిచింది. రంగు లేచిపోయింది గాని ఇనుము అట్లాగే ఉంది.

ఆ బండి ఇప్పుడు వాళ్ళ షెడ్డులోనే ఉంది. శివశంకర్ పని వాళ్ళకే ఇచ్చాడు. తొందర లేదన్నాడు. నేల కొంత మార్చారు, తలుపుల అడుగులు మార్చారు. కిందటి నెలలో ఎడమ వైపు నడిమి స్తంభం దగ్గర ఇద్దరికీ మాట కలవలేదు. బాగుందన్నాడు ఓబులేసు. రెండుసార్లు తట్టి, ఖంగుమంటోందన్నాడు. ఏసేపు చేతికి మాత్రం అక్కడ వణుకు తెగినట్టు అనిపించింది. ఒక తప్పు చేసి ఉన్న మనిషి కదా, రెండోది చేయలేనన్నాడు. కోసి చూద్దామన్నాడు. ఓబులేసు వాదించకుండా కోశాడు. లోపల ఇనుము కొత్తదాని మాదిరి తళతళలాడుతోంది. కంపెనీ వేసిన రంగు కూడా పోలేదు. ఏసేపు ఆ చీలిక ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. చేతులు తిప్పి అరచేతులు చూసుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ పనికి కాయలు కాసి చర్మం చెప్పుల అట్ట మాదిరి అయింది. చెవులు పోతున్నప్పుడు కూడా ఇట్లాగే కొంచెం కొంచెంగా, తెలియకుండా పోయాయి.

ఓబులేసు కోసినచోట అతుకు వేసి, రాడ్డు పక్కన పెట్టాడు. దాన్ని నునుపు చేసే పని ఏసేపు తీసుకున్నాడు. గ్రైండరు పెట్టకుండా ఆకురాయితో, చేత్తోనే రుద్దాడు. రెండు పూటలు పట్టింది. పూర్తయ్యేసరికి ఎక్కడ కోశారో కన్ను పెట్టి వెతికినా కనబడదు. ఆ రెండో రోజు భోజనాల వేళ ఓబులేసు వెనక నుంచి రెండుసార్లు పిలిచాడు. తర్వాత బండి చుట్టూ తిరిగి వచ్చి, ఆయనకు ఎదురుగా నిలబడి, అన్నం తిందాం రమ్మన్నాడు.